గళ్ళ పరీక్ష ఖరీదు

మా రైల్వే కాలనీలో ఎవరికైనా దగ్గు పట్టుకుని వదలకపోతే డాక్టరు దగ్గరకి వెళ్ళే ముందు నా దగ్గరకి వచ్చేవారు. మందు కోసం కాదు. ఎంతవుతుందో కనుక్కోడానికి. ఫోటోకి ఎంత, రక్తానికి ఎంత, మొత్తం తిరిగేసరికి ఎంత. నేనేమీ నర్సమ్మని కాను. అప్పటికి నాకు అక్షరమ్ముక్క రాదు. అక్షరాలు నేర్చుకున్నది తరవాతెప్పుడో, జుట్టు నెరిశాక, సాయంకాలం పూట ఆడవాళ్ళకి పాఠాలు చెప్పే గదిలో. కాని ధర కనుక్కోడానికి అక్షరాలు అక్కర్లేదు, నోరుంటే చాలు. ఒకసారి మా ఇంటికోసం అంచనా కట్టాను. తప్పు కట్టాను. ఒకసారి తప్పు కట్టినవాళ్ళకి రెండోసారి సరిగ్గా తెలుస్తుందని జనం నమ్మకం. అందుకే అడిగేవారు.

ఆ ఒక్కసారి సంగతే రాస్తున్నాను. అది మా మరిది సంగతి.

మా ఆయన బిలాస్‌పూర్ లోకో షెడ్డులో ఖలాసీ. షెడ్డు వెనకాల రెండు గదుల క్వార్టరు మాది. మేమిద్దరం, మా పిల్లలు, మా అత్త, మరిది, వాడి పెళ్ళాం, వాళ్ళ చంటిది, అందరం అందులోనే. మరిది పట్టాల మీద గ్యాంగులో పని చేసేవాడు. కేజువల్, అంటే పని చేసిన రోజుకే కూలి. ఏళ్ళ తరబడి అలా చేశాక పర్మనెంటు చేసే జాబితాలో వాడి పేరు పైకొచ్చింది. పేరు పైకొస్తే సరిపోదు. రైల్వే ఆసుపత్రిలో మెడికల్ ఉంటుంది. కళ్ళు చూస్తారు, గుండెలకి ఫోటో తీస్తారు. ఫిట్ అంటే నెల జీతం, క్వార్టరు, ముసలితనానికి పింఛను. అన్‌ఫిట్ అంటే గునపం అక్కడ పెట్టి ఇంటికి.

సరిగ్గా అప్పుడు పట్టుకుంది వాడికి దగ్గు.

మొదట్లో ఎవరం పట్టించుకోలేదు. మా ఇంట్లో దగ్గు కొత్త కాదు. మా అత్త అడ్డపొగ కాలుస్తుంది, చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. శ్రీకాకుళం వైపు ముసలమ్మలకి అది అలవాటు. దానికి తోడు బొగ్గు ఇంజన్ల పొగ. ఆ కాలనీలో ఉతికి ఆరేసిన బట్ట నల్లబడకుండా ఇంట్లోకి వచ్చేది కాదు, ఇంక మనిషి దగ్గడా? కాని చలికాలం పోయినా వాడి దగ్గు పోలేదు. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. ప్యాంటు జారిపోతూంటే బెల్టుకి మేకుతో కొత్త చిల్లు పొడుచుకున్నాడు. ఒకరోజు మా తోడికోడలు, అంటే వాడి పెళ్ళాం, తువ్వాలు తెచ్చి నా ముందు విప్పింది. తువ్వాలు మధ్యలో సన్నగా ఎర్ర చార.

ఆ పిల్ల మాట్లాడడం తక్కువ. వచ్చిన కొత్తలో మూగదేమో అనుకున్నాను.

రైల్వే ఆసుపత్రికి తీసుకెళ్దామంటే మా ఆయన కార్డులో పెళ్ళాం, పిల్లలు, తల్లి ఉన్నారు. పెళ్ళయిన తమ్ముడికి చోటు లేదు. ఉన్నా మేం వెళ్ళం. మెడికల్ జరిగేది అక్కడే కదా. ఊళ్ళో పెద్దాసుపత్రి ఉంది, అక్కడ పైసా తీసుకోరు. కాని చీటీ రాసే కిటికీ దగ్గర మా షెడ్డు వాళ్ళో, గ్యాంగు వాళ్ళో ఎవరో ఒకరు నిలబడే ఉంటారు. "ఏం తమ్ముడూ, ఇక్కడున్నావేటి?" అని ఒక్కడు అడిగితే చాలు. జాబితాలో వాడి వెనక ఉన్నవాళ్ళు చెవులు రిక్కించి కూర్చున్నారు.

"బయట చూపిద్దాం," అన్నాడు మా ఆయన. "ముందు అదో కాదో తెలిస్తే తరవాత సంగతి తరవాత. ఎంతవుతాదో నువ్వు కనుక్కో."

"నేనా?"

"బజార్లో టమాటాల వాడిని ఏడిపించేది నువ్వే కదా."

అలా ఆ పని నా మెడకి పడింది.

పెద్ద రోడ్డు మీద పరీక్షలు చేసే దుకాణాలు మూడో నాలుగో ఉండేవి. కూరల సంచీ పట్టుకుని ఒక్కోదానికీ వెళ్ళాను. నా హిందీ బజారు హిందీ. కిత్నా, కమ్ కరో, సడా హువా హై. అంటే ఎంత, తగ్గించు, కుళ్ళిపోయింది. ఈ మూడు ముక్కలతో ఆ ఊళ్ళో పిల్లల్ని పెంచాను. మొదటి దుకాణంలో కళ్ళద్దాల కుర్రాడు గబగబా చెప్పాడు. ఎక్స్‌రే ఇంత, ఈయస్సార్ అని రక్తం పరీక్ష ఇంత, చేతికి సూది పొడిచి పొంగు చూసే పరీక్ష ఇంత, ఏఎఫ్‌బీ ఇంత.

"కమ్ కరో," అన్నాను.

"అమ్మాజీ, యే సబ్జీ మండీ నహీఁ హై."

"కూరల మండీలో అయితే చేత్తో నొక్కి చూసి కొంటాను. నువ్వు అదీ చూడనివ్వవు కదా," అన్నాను తెలుగులోనే. వాడికి అర్థం కాలేదు, కాని రక్తం పరీక్షలో కొంచెం తగ్గించాడు.

ఇంటికొచ్చి చింతపిక్కలతో లెక్క వేశాను. రాయడం రాదు కాబట్టి నా పద్ధతి అది. ఐదు రూపాయలకి ఒక పిక్క, ఒక్కో పరీక్షకి ఒక్కో కుప్ప. ఎక్స్‌రే కుప్ప పెద్దది. రక్తం, సూది మధ్యస్తం. ఏఎఫ్‌బీకి రెండే రెండు పిక్కలు. మిగిలిన దుకాణాల్లో కూడా అంతే, ఒక పిక్క అటూ ఇటూ.

మా ఆయన, మరిది, నేను ఆ కుప్పల చుట్టూ కూర్చున్నాం. అన్నీ చేయించే స్తోమతు లేదు. ఏది తీసేయాలి?

"ఏఎఫ్‌బీ అంటే ఏటి?" అన్నాడు మరిది.

"అడగలేదు. రెండు పిక్కల పరీక్ష, దాంట్లో ఏం తెలుస్తుంది?"

ఎవరూ కాదనలేదు. ఖరీదైన బియ్యమే మంచి బియ్యం అని నమ్మేవాళ్ళం. పరీక్షా అంతే అనుకున్నాం. ఎక్స్‌రే, రక్తం ఉంచాం. సూది తీసేశాం. ఏఎఫ్‌బీ రెండు పిక్కలూ నేనే తిరిగి పిక్కల డబ్బాలో వేసేశాను.

పగలు బజారు రద్దీలో వెళ్ళి ఆ రెండూ చేయించాం. కాగితాలూ ఫోటో పట్టుకుని కుదుదండ్ అనే పేటలో ఒక డాక్టరు దగ్గరకి వెళ్ళాం. షెడ్డు వాళ్ళెవరూ అంత దూరం రారని ఆయన్ని ఎంచుకున్నాం. ఆయన ఫోటోని కిటికీ వైపు ఎత్తి చూశాడు. పైన ఒక పక్క మబ్బులా ఉంది, నాకు కూడా కనిపించింది.

మెల్లగా, మాకు అర్థమయ్యేలా చెప్పాడాయన. ఈ మచ్చ పాతదో కొత్తదో ఫోటో చెప్పదు. రక్తం పరీక్ష ఒంట్లో ఏదో ఉందంటుంది, అదేమిటో చెప్పదు. జబ్బు పురుగు కంటికి కనపడాలి. దానికి ఏఎఫ్‌బీ చేయించండి.

రెండు పిక్కలది.

మరిది నా వైపు చూశాడు. నేను సంచీ సర్దుకున్నాను.

మర్నాడు నేనొక్కదాన్నే దుకాణానికి వెళ్ళాను. ఆ కుర్రాడు చీటీ చూసి ఒక చిన్న మూత డబ్బీ నా చేతిలో పెట్టి, ఇంకెవరితోనో మాట్లాడుతూ నాకు చెప్పాడు. "కల్ సుబహ్ సబ్‌సే పహలే బల్గమ్ లేకే ఆనా."

రేపు పొద్దున్న అన్నిటికంటే ముందు తీసుకురా. అంతవరకూ నా హిందీకి అందింది. బల్గమ్ అన్నది మాత్రం హిందీ అని నాకు తట్టనే లేదు. అది మన మాటే కదా. బంధువులు, బలగం. పెళ్ళికి పోయినా, చావుకి పోయినా, తగువుకి పోయినా బలగంతోనే పోతాం. పెద్ద జబ్బు పరీక్ష కదా, ఇంటివాళ్ళందరినీ చూస్తారేమో అనుకున్నాను. ఇంత చవగ్గా ఇంతమందిని ఎలా చూస్తాడా అని ఒక్క అనుమానం వచ్చింది గాని, చవగ్గా వస్తున్నదాన్ని ఎవరు గుచ్చి అడుగుతారు?

ఇంటికొచ్చి చెప్పాను. మా అత్త చుట్ట పక్కన పెట్టింది.

"ఎవలెవల్ని తెమ్మన్నాడు?"

"బలగం అన్నాడంతే."

"అయితే కోటాకి కబురెట్టాల. మేనమావ లేకుండా బలగమేటి?"

మా అత్త అన్నగారు బిలాస్‌పూర్ దగ్గరే ఉన్న కోటాలో గ్యాంగు మేటు, అంటే గ్యాంగుకి పెద్ద. రిటైరుమెంటుకి దగ్గరపడ్డ మనిషి. కట్నీ లైను మీద ఆయన తెలియని స్టేషను లేదు, ఆయన నోరు తెలియని మనిషీ లేడు. మా ఆయన గొణిగాడు గాని తల్లి మాట దాటలేదు. సాయంత్రం పాసింజరులో వెళ్ళే మనిషితో కబురు పంపాం. డబ్బీని మా అత్త తిప్పి తిప్పి చూసి, మూత బాగుంది, సున్నం పెట్టుకోడానికి పనికొస్తుందని తన దగ్గర పెట్టుకుంది.

పొద్దున్నే రెండు రిక్షాల్లో బయల్దేరాం. అత్త, కోటా నుంచి దిగిన మావయ్య, డ్యూటీ మార్చుకున్న మా ఆయన, మరిది, చంటిదాన్ని ఎత్తుకుని తోడికోడలు, నేను. మావయ్య తెల్ల తలగుడ్డ చుట్టుకుని వచ్చాడు, సంబంధం మాట్లాడడానికి వెళ్తున్నట్టు. దుకాణం ముందు ఉన్న బెంచీ మాకే చాల్లేదు.

కుర్రాడు తలుపు తీసి మమ్మల్ని చూసి ఆగాడు. "యే సబ్ కౌన్ హైఁ?"

"బల్గమ్," అన్నాను నేను. "లాయే." తెచ్చాం అని.

"కహాఁ హై?"

ఎక్కడ అంటాడేమిటి అని నేను చెయ్యి చాపి అందరినీ చూపించాను. ఎందుకైనా మంచిదని చంటిదాన్ని కూడా.

వాడు నన్ను చూశాడు, వాళ్ళని చూశాడు. "బల్గమ్," అన్నాడు మళ్ళీ, కొంచెం గట్టిగా, చెవిటివాళ్ళకి చెప్పినట్టు. మావయ్య లేచి నమస్కారం పెట్టాడు. చివరికి వాడు గొంతు పట్టుకుని, ఛాతీ లోపల్నుంచి లాగి, ఖళ్ళు ఖళ్ళుమని దగ్గి, అరచేతిలో ఉమ్మినట్టు అభినయించి చూపించాడు.

"పాపం, ఆడికీ దగ్గే కావాల," అంది మా అత్త.

ముందు అర్థమైంది మావయ్యకి. ఆయన గ్యాంగులో అన్ని భాషలవాళ్ళూ ఉండేవారు. "గళ్ళే," అన్నాడు. "గళ్ళ అడుగుతున్నాడే కోడలా. కఫం." అంటూ అనలేక బెంచీ మీద కూలబడి నవ్వడం మొదలెట్టాడు. తలగుడ్డ ఊడి ఒళ్ళో పడింది. చంటిది ఆయన్ని చూసి ఏడ్చింది. మా ఆయన రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు, నాతో సంబంధం లేనట్టు.

"మీ ఆడోళ్ళు గళ్ళ తెమ్మంటే గంపెడు మందిని తెచ్చీసినారు," అన్నాడు మావయ్య కళ్ళు తుడుచుకుంటూ. "ఇంకా నయం, ఊరు నుంచి తెప్పించినావు కాదు."

నవ్వొచ్చే సంగతే. రిక్షాల డబ్బు ఇచ్చాను. రెండు రిక్షాలు, రానూ పోనూ. పరీక్షకంటే అదే ఎక్కువైంది.

కుర్రాడు మంచివాడే. మెల్లగా మళ్ళీ చెప్పాడు. ఒక్క రోజు కాదు, మూడు పొద్దులు తేవాలి. ఒకరోజు పురుగు కనపడకపోతే ఇంకోరోజు కనపడొచ్చు. అంటే రెండు పిక్కలు ఆరయ్యాయి. డబ్బీ అత్త దగ్గర సున్నంతో నిండిపోయింది కాబట్టి కొత్తది కొనుక్కున్నాం. మర్నాడు మరిది లేచిన వెంటనే అలవాటు ప్రకారం గుడాఖు పళ్ళకి రుద్దుకుని, తరవాత డబ్బీ గుర్తొచ్చి ఉమ్మి పట్టుకెళ్ళాడు. గుడాఖు అంటే పొగాకూ బెల్లం కలిపిన నల్లటి పళ్ళపొడి, ఛత్తీస్‌గఢ్ మనిషికి అది లేకపోతే తెల్లవారదు. కుర్రాడు మూత తీసి, వాసన చూసి వెనక్కిచ్చాడు. ఆ రోజు వృథా. మర్నాటి నుంచి మా తోడికోడలు కాపలా కాసింది. వాడు కళ్ళు తెరవగానే డబ్బీ చేతిలో పెట్టి, గోడకి ఆనుకుని నిలబడేది. "లోపల్నుంచి," అనేది. అంతే.

ఈలోగా మావయ్య పాసింజరెక్కి కోటా వెళ్ళిపోయాడు.

ఆయన్ని ఇప్పటికీ తిట్టుకోను. అంత మంచి కథ చేతికొస్తే ఏ మనిషి నోరు మూసుకుంటాడు? ఆ పెట్టెలో ఉన్నవాళ్ళకి చెప్పాడు. దిగి గ్యాంగులో చెప్పాడు. కథ చెప్పాలంటే బలగాన్ని ఎందుకు తీసుకెళ్ళారో చెప్పాలి. ఎందుకో చెప్పాలంటే టీబీ పరీక్ష అని చెప్పాలి. కథ కట్నీ లైను మీద పైకీ కిందకీ తిరిగి, బిలాస్‌పూర్‌లో పట్టాల ఇన్‌స్పెక్టరు ఆఫీసు దాకా వచ్చింది. షెడ్డులో మా ఆయన చాయ్ తాగుతూంటే ఎవడో "ఏం గురూ, బల్గమ్ కుశలమేనా?" అన్నాడట. మా ఆయన గ్లాసు అక్కడే పెట్టి వచ్చేశాడు.

గ్యాంగులో జాబితా ప్రకారం మరిది వెనక ఉన్నవాడు మాత్రం నవ్వలేదు. "అన్నా, నీకు బాలేదటగా," అని మర్యాదగా అడిగాడు. ఆ మర్యాదకే మా వాడు భయపడ్డాడు.

మూడు పొద్దులూ అయ్యాయి. మొదటి దాంట్లో ఏమీ లేదు. రెండో దాంట్లో, మూడో దాంట్లో పురుగు కనపడింది. కుదుదండ్ డాక్టరు కాగితం చూసి ఇంక అనుమానం లేదన్నాడు. ఏడాదికి పైగా మందులు, మొదట్లో సూదులు కూడా. మానకుండా మింగితే మనిషి నిలబడతాడు, మధ్యలో ఆపితే నిలబడడు. చంటిపిల్ల ఉంది కదా, ఇంట్లో అందరూ చూపించుకోవాలన్నాడు. ఆ మాట విని నేను మనసులో ఇంటిమందికీ కుప్పలు పెట్టుకున్నాను. మా డబ్బాలో అన్ని పిక్కలు లేవు.

ఆ వారంలోనే ఇన్‌స్పెక్టరు ఆఫీసు నుంచి ప్యూను కాగితం తెచ్చాడు. మెడికల్‌కి పిలుపు.

ఆ ఆదివారం మావయ్య వచ్చాడు. ఈసారి తలగుడ్డ లేదు. గుమ్మంలోనే నిలబడ్డాడు. మరిది మంచం మీద కూర్చుని ఉన్నాడు, లేవలేదు.

"మావయ్యా, నవ్వు నీది, నౌకరీ నాది," అన్నాడు.

"తప్పైపోనాది రా," అన్నాడు మావయ్య. తరవాత లోపలికొచ్చి, గొంతు తగ్గించి, దారి కూడా తనే తెచ్చానన్నాడు. ఫోటో తీసే గదిలో మొహాలు ఎవరూ పరీక్షగా చూడరు. పేరు పిలుస్తారు, చొక్కా విప్పిన మనిషి లోపలికెళ్తాడు. తన కొడుకు ఈడూ ఒడ్డూ వీడిదే. ఆ ఒక్క నిమిషం వాడు నిలబడతాడు. లోపల మనిషికి చాయ్‌పానీ పేరుతో చెయ్యి తడిపే పని తను చూసుకుంటాడు.

మా ఆయన వెంటనే కాదనలేదు. మా అత్త అసలు అనలేదు. ఇన్నేళ్ళు ఎండలో కంకర కొట్టిన కొడుకు, చేతి దాకా వచ్చిన ఉద్యోగం. నేను మాత్రం అన్నాను. "లైనంతా తెలిసిపోయిందాన్ని ఇంకా ఎక్కడ దాస్తారు? ఇప్పటిదాకా దాచడానికి పెట్టిన డబ్బే ఎక్కువ."

"నువ్వూరుకో," అన్నాడు మా ఆయన. "నీ హిందీ వల్లే ఇదంతా."

నిజమే కదా.

అప్పుడు మా తోడికోడలు వంటగది గడపలోంచి మాట్లాడింది. చంటిదాన్ని భుజాన వేసుకుని జోకొడుతోంది, ఆ చెయ్యి ఆపలేదు.

"ఫోటో మీ అబ్బాయిది పెడతారు. బాగుంది మావయ్యా. మర్నాటి నుంచి డ్యూటీకి వెళ్ళేది ఈయన. సూది ఎక్కడ పొడిపించుకుంటాడు? ఫిట్ మనిషి టీబీ సూది పొడిపించుకుంటే అడగరా? దాక్కుని ఎన్నాళ్ళు మింగుతాడు? మానేస్తాడు. మానేస్తే నిలబడడని డాక్టరుగారు అన్నారు. నేను విన్నాను."

ఆ ఇంట్లో ఆ పిల్ల అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడడం అదే మొదలు.

మావయ్య నోరు తెరిచాడు. ఆ పిల్ల ఇంకో మాట అంది. "ఉద్యోగం కావాలి, నేను వద్దనలేదు. ఆయన కూడా కావాలి."

మరిది బెల్టు చిల్లులు తడుముకున్నాడు. "సరే," అన్నాడు చివరికి. ఎవరికి సరే అన్నాడో మాకు మెడికల్ రోజునే తెలిసింది.

ఆ రోజు అన్న తోడుగా వెళ్ళాడు. వచ్చాక మా ఆయన చెప్పిందే రాస్తున్నాను. వరసలో చొక్కాలు విప్పి నిలబడ్డారట అందరూ. మా వాడు చొక్కా విప్పలేదు. వంతు వచ్చాక బయట తీయించిన ఫోటో, గళ్ళ కాగితాలు తీసి రైల్వే డాక్టరు బల్ల మీద పెట్టాడు. ఆయన అన్నీ చదివి, "నిన్ను అడక్కుండానే ఇవి చూపించమని ఎవరన్నారు?" అని హిందీలో అడిగాడట. "ఘర్‌వాలీ," అన్నాడట మావాడు, అంటే ఇంటావిడ. ఆయన ఇప్పటికి అన్‌ఫిట్ అని రాశాడు. పక్కన ఇంకో ముక్క చేర్చాడు, మందులు పూర్తిచేసి గళ్ళ శుభ్రమయ్యాక మళ్ళీ చూడాలని. బయట గుమాస్తా మాత్రం మొహమాటం లేకుండా చెప్పాడట. మళ్ళీ రావాలంటే రా, కాని జాబితా నీ కోసం ఆగదు. నీ పేరు అడుక్కి పోతుంది.

జాబితాలో వెనకవాడు ఫిట్ అయ్యాడు. సాయంత్రం మిఠాయి పట్టుకుని మా ఇంటికే వచ్చాడు, ఏం చేయాలో తెలియక. మా అత్త తీసుకుంది. "మిఠాయి ఏం తప్పు సేసినాది," అంది.

ఇంక దాచేది ఏమీ లేదు కాబట్టి పట్టపగలు పెద్దాసుపత్రికి వెళ్ళాం. సూదులు, మాత్రలు అక్కడ ఉచితం. ఇంటిల్లిపాదికీ పరీక్షలు కూడా అక్కడే చేశారు, చంటిదానికి చేతి సూది పరీక్షతో సహా. ఇంకెవరికీ లేదు. మా అత్త గుండె ఫోటో చూసి అక్కడి డాక్టరు చుట్ట మానమన్నాడు. అది జరగలేదు. ఆ కిటికీ దగ్గర షెడ్డు వాళ్ళు కనపడ్డారు, "ఏం తమ్ముడూ" అన్నారు, మేం జవాబు చెప్పాం. అంతకంటే ఏమీ అవలేదు. అప్పుడు కూర్చుని పాత అంచనా తిరగేస్తే, అందులో పరీక్షల ఖర్చు సగమే. మిగతా సగం ఎవరికీ తెలియకూడదన్నదానికి అయిన ఖర్చు. తరవాత నన్ను అడగడానికి వచ్చినవాళ్ళకి ముందు ఇదే చెప్పేదాన్ని. గుట్టుగా అయితే ఇంత, పెద్దాసుపత్రి కిటికీ దగ్గర అయితే ఏమీ లేదు, మీ ఇష్టం. చాలామంది గుట్టుకే డబ్బిచ్చేవారు. అది వాళ్ళ సంగతి.

మందుల ఏడాది తేలిగ్గా పోలేదు. కూలి లేదు. మా ఆయన ఒక్కడి జీతం మీద అందరం తిన్నాం. మధ్యలో ఒకసారి ఒళ్ళు తేలికపడిందని మాత్రలు మానేద్దామనుకున్నాడు మరిది. ఆ పిల్ల అరవలేదు. రోజూ పొద్దున్న మాత్రలు, నీళ్ళ గ్లాసు పళ్ళెంలో పెట్టి తెచ్చేది, మింగేదాకా పళ్ళెం పట్టుకుని నిలబడేది. మనిషికి సిగ్గేసి మింగేవాడు. మా ఇంట్లో మగాళ్ళు మాటలకి ఎదురు చెప్తారు గాని పళ్ళేనికి ఏం చెప్తారు?

చివర్లో గళ్ళ మళ్ళీ చూశారు, మూడు పొద్దులూ శుభ్రంగా వచ్చింది. కొత్త జాబితా వచ్చాక మెడికల్‌కి మళ్ళీ పిలిచారు. ఫోటోలో మచ్చ మిగిలే ఉంది, మానిన పుండు మచ్చలాగా. డాక్టరు మారాడు కాని పాత కాగితాలు, అందులో రాసిన ముక్కా ఉన్నాయి. ఫిట్ అన్నారు.

గుమాస్తా అన్నట్టే అడుగున పడ్డాడు. ఒకప్పుడు తన వెనక ఉన్నవాళ్ళందరూ ముందుకెళ్ళిపోయారు. ఆ తేడా ఉద్యోగం ఉన్నంతకాలం ఉంది. జీతంలో ఉంది, ప్రమోషన్లలో ఉంది, తరవాత పింఛనులో కూడా ఉంది. ఏం ఫరవాలేదని నేనెప్పుడూ అనలేదు. ఫరవా ఉంది. వాడికీ తెలుసు.

మొదటి రోజు డ్యూటీకి వెళ్ళేసరికి ఆ గ్యాంగులో పని పంచేవాడు ఒకప్పుడు వాడి దగ్గర గునపం పట్టడం నేర్చుకున్నవాడు. "భయ్యా, మీరు ఇటు రండి, జెండా పట్టుకోండి," అన్నాడట. జెండా పట్టుకోవడం తేలిక పని, ఒళ్ళు బాగోలేనివాళ్ళకి ఇస్తారు. మా వాడు జెండా తీసుకోలేదు. వెళ్ళి వరసలో నిలబడి గునపం అందుకున్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చి గడప మీద కూర్చుని అరచేతులు చూసుకున్నాడు. ఏడాది పైగా పనిలేని చేతులు, పొక్కులు లేచాయి. మా తోడికోడలు గిన్నెలో వేడినీళ్ళు తెచ్చి ముందు పెట్టింది.

"దగ్గొచ్చిందా?" అంది.

"లేదు."

"ఒక్కసారి కూడా?"

"కంకర దుమ్ముకి ఒకసారి. అందరం దగ్గాం."

ఆ పిల్ల వాడి మొహం కాసేపు చూసింది. నమ్మాలా వద్దా అని కాబోలు. తరవాత గిన్నె వాడి వైపు జరిపింది.

"చేతులు పెట్టు. అన్నం వడ్డిస్తాను."